లోడు బండికే దారి

మంజీర మీది మా పాత రాతివంతెన ఒక్క బండికే సరిపోతుంది. ఎదురెదురు పడితే ఖాళీ బండి వెనక్కి పోవాలి, లోడు బండికి దారివ్వాలి. ఎడ్లబండ్ల కాలం నుంచీ అదే రివాజు. బోధన్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక మా చెరుకు ఏరు దాటి అవతలి ఫ్యాక్టరీకి పోతోంది. లోడు ట్రాక్టరు మీద ఉన్నంతసేపూ ఆ వంతెన నాకు అత్తగారిల్లే, అందరూ లేచి దారివ్వాల్సిందే.

ఆ మధ్యాహ్నం నడిమి కమాను మీదికి వచ్చేసరికి ఎదురుగా ఆటో. తెల్లగడ్డం పెద్దమనిషి దిగి నా దగ్గరికి నడిచొచ్చి "బేటా, జర..." అన్నాడు. పూర్తిగా విననేలేదు నేను.

"లోడు బండి కనవడ్తలేదా, చాచా?"

ఆయన ఆటోను వెనక్కి నడుపుకుంటూ అవతలి ఒడ్డుకు తీసుకుపోయాడు. నేను దర్జాగా దాటి, పక్కనుంచి పోతూ లోపలికి చూశాను. ఆయన కూతురు, నిండు గర్భిణి, ముందు సీటు కడ్డీ పట్టుకుని నొప్పులు పడుతోంది. బోధన్ ఆసుపత్రికి పోతున్నారు.

ట్రాక్టరు పక్కకు ఆపి వంతెన మీదికి ఉరికాను. నా వెనక చెరుకు ట్రాక్టర్లు పదో పన్నెండో బారులు తీరి వస్తున్నాయి. అవన్నీ పాకుతూ దాటాలంటే అరగంట. జర ఆగి, వెనకున్నవాళ్లను వెనక్కి పొమ్మనమని మొదటి డ్రైవరును బతిమాలాను.

"లోడు బండి కనవడ్తలేదా నీకు?" అన్నాడతను.

నేను ఒడ్డుకు తిరిగొచ్చేసరికి ఆమె ఆటో దిగి, నడుస్తానంది. తండ్రి ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. నడిచేవాళ్లు ఒదిగి నిలబడడానికి ఆ వంతెన కట్టినవాళ్లు పిట్టగోడలో రాతిగూళ్లు వదిలారు. ట్రాక్టరు వచ్చినప్పుడల్లా, నొప్పి వచ్చినప్పుడల్లా ఒక గూట్లో ఆగాం. చెరుకాకులు మా మొహాలను గీరుకుంటూ పోయాయి. ఇంకెన్ని గూళ్లని ఆమె అడిగితే, ఐదున్నా రెండేనని అబద్ధమాడాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎన్నడో రాళ్లు పేర్చినవాళ్లకు తట్టిన సంగతి నాకు తట్టలేదు.

ఇవతలి ఒడ్డున ఇంకో ఆటో దొరికింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టిందనీ, ఇద్దరూ బాగున్నారనీ చాచా ఫోన్ చేశాడు. ఇప్పుడు పక్కనే కొత్త వంతెన వచ్చింది, ఎవరూ ఎవరికోసం ఆగనక్కరలేదు. నాకు మాత్రం ఆమె ఆటో ఎక్కుతూ అన్న మాట ఇప్పటికీ వినబడుతుంది.

"ఇగ నువ్వు పో అన్నా, నీ చెరుకు ఎండిపోతది."