మా నాయన దాచిన అన్న

డిగ్రీ చదివే రోజుల్లో మా తమ్ముడు గోడలు తనతో మాట్లాడుతున్నాయని చెప్పడం మొదలుపెట్టాడు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా నాయన, కాలేజీ ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నాడని వాణ్ణి తిట్టాడు, కొట్టాడు. తర్వాత దర్గాలో తాయెత్తు కట్టించాడు, మహానంది కోనేట్లో ముంచి లేపాడు. వాడు అన్నం మానేసి పుల్లలా అయ్యాక, నేనూ మా ఆయనా బలవంతాన కర్నూలులో ఒక మానసిక వైద్యురాలికి చూపించి, ఆసుపత్రిలో చేర్చాం.

ఆవిడ ఇలాంటి జబ్బున్నవాళ్ల కుటుంబాలను పరిశీలిస్తున్నారు. తమ్ముడితో పాటు నాకూ మెదడు స్కానింగ్ తీస్తామన్నారు.

"నాకేం లేదు గదా మేడమ్?" అన్నాను.

"ఇది ఒక్క జన్యువుతో వచ్చేది కాదమ్మా. ఎన్నో కలిసి అవకాశాన్ని పెంచుతాయి. జబ్బు లేని తోబుట్టువుల్లోనూ కొందరికి మెదడు పైపొర అక్కడక్కడా కాస్త పలచగా ఉండొచ్చు. అంతమాత్రాన జబ్బు వస్తుందని కాదు. భయపడొద్దు."

ఆమె మాతో పాటు వచ్చిన నాయన వైపు తిరిగారు. "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉండేదా?"

"ఎవురికీ లేదు మేడమ్," అన్నాడు నాయన, తడుముకోకుండా.

మర్నాడు ఆలూరు నుంచి మా మేనత్త వచ్చింది. తమ్ముడు తనలో తాను నవ్వుకోవడం చూసి కళ్లు తుడుచుకుంది. "అచ్చం మా పెద్దన్న మాదిరే నవ్వుతాండాడే!"

నాయనే అందరికంటే పెద్దవాడని మాకు చెప్పారు. "ఏ పెద్దన్న అత్తా?" అన్నాను.

ఆమె తడబడింది. "నీకు తెలీదా? మీ నాయనకంటే పెద్దోడు. ఇట్లే ఒగడే మాట్లాడుకుంటాండె. ఇంట్లో కట్టేసినారు. ఒగనాడు తాడు తెంపుకోని యాడికో పాయె."

ఆసుపత్రి వరండాలో అమ్మ పక్కన కూర్చున్న నాయన దగ్గరికి వెళ్లాను. "పెద్దనాయన సంగతి తెలిసీ తమ్మున్ని కొడితివా నాయనా?"

"చెప్పింటే నిన్నెవురు చేసుకుంటాండ్రి? నీకోసమే దాచితి."

"ఆయన్ని ఎతికినారా?"

నాయన తువ్వాలు దులుపుకుని లేచాడు. అమ్మ తలెత్తలేదు. ఆమెకూ తెలుసు. తమ్ముడు తిన్న దెబ్బలన్నిటికీ నా పెళ్లిని సాకు చేశారు. నన్నెవరూ అడగలేదు.

విషయం డాక్టరుకు నేనే చెప్పాను. ఇంటికొచ్చే బస్సులో మా ఆయనకూ చెప్పాను. ఆయన ఒడిలో నిద్రపోతున్న మా పాపను దగ్గరికి పొదువుకున్నాడు. "నాకు చెప్పింటే చేసుకోకపోదునా? మీ నాయన నన్ను అంత చిన్నోన్ని చేసినాడు," అన్నాడు.

మందులతో తమ్ముడు కుదుటపడ్డాడు. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పని చేస్తున్నాడు. గొంతులు మళ్లీ వినిపిస్తే దాచకుండా నాకు ఫోన్ చేస్తాడు. నా స్కానింగ్‌లో దిగులుపడాల్సిందేమీ లేదన్నారు. పాపకు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. పెద్దయ్యాక పెద్దనాయన గురించి దానికి నేనే చెబుతాను.

మా ఆయన మా పుట్టింటికి రావడం మానేశాడు. తమ్ముడికోసం నేను వెళ్తుంటాను. అన్నం తిన్నావా అని నాయన అడిగితే తిన్నానంటాను. అంతకు మించి మా మధ్య మాటల్లేవు.