పళ్ళెం పట్టుకున్న మనిషి

మా విశ్వవిద్యాలయం పాత ఆల్బంలో శంకుస్థాపన ఫోటో ఒకటి ఉంది. ఒక పెద్దాయన వంగి రాయికి సిమెంటు పూస్తుంటాడు. పక్కన తలపాగా, మీసాల మనిషి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ మనిషిని నేనే. అది అసలు ఫోటో కాదని ఆల్బంలో తర్వాత రాశాను గానీ, అప్పటికే బయటికి వెళ్ళిన కాపీలను ఇంకా అసలు ఫోటోగానే అచ్చు వేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల్లో విశ్వవిద్యాలయం ఉత్సవాలకు ఫోటో ప్రదర్శన పెట్టాం. నేను ఫోటోల గదిలో కొత్త ఉద్యోగిని. ఎంత వెతికినా శంకుస్థాపన ఫోటో దొరకలేదు. మనమే అలాంటిది ఒకటి తీద్దామన్నారు మా ప్రొఫెసరుగారు. శంకుస్థాపన రోజు షామియానా వేయించిన కాటన్‌పేట వ్యాపారి పళ్ళెం పట్టుకున్నాడని పాతవాళ్ళు చెప్పారు. ఆ వేషం నాకు పడింది. పళ్ళెం క్యాంటీన్‌ది.

“నవ్వకురా! ఆ కాలంలో ఫోటోల్లో ఎవడు నవ్వాడు?” అని ఫోటోగ్రాఫరు కసిరాడు.

ప్రింటును కాఫీ డికాక్షన్‌లో ముంచితే పాతబడిపోయింది. ప్రదర్శనలో దాని కింద ‘ఉత్సవాల కోసం మళ్ళీ తీసినది’ అని అట్ట పెట్టాం. తర్వాత ఆల్బం కట్టింది నేను. అందులో ఆ మాట రాయలేదు. మరిచిపోయి కాదు. అన్నీ అసలు ఫోటోలే ఉన్నచోట అది వెలితిగా కనిపిస్తుందనిపించింది.

కొన్నేళ్ళకు, ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న రోజుల్లో, కాటన్‌పేట నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆమె పసిపిల్లగా ఉన్నప్పుడే తండ్రి పోయాడట. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు.

“శంకుస్థాపన దినం మా నాయన పళ్ళెం పట్టుకోని నిలబడినాడంట. మాయమ్మ చెప్తా ఉండె. ఆ ఫోటో ఉండాదా అప్పా?”

నేను ఏం చెప్పాలో తేల్చుకునేలోపే ఆల్బం తిప్పి వేలు పెట్టేసింది. “ఈయనే! చూడప్పా, అచ్చం మా చిన్నోడి ముక్కు!”

మీసాల్లేకుండా, కళ్ళద్దాలు పెట్టుకుని, కాస్త ఒళ్ళు చేసి ఆమె ఎదురుగానే కూర్చున్నాను. ఆమె ఏడుస్తోంది. కాపీ అడిగితే తీసిచ్చాను.

ఆ తర్వాత పండగ పండగకీ నాకు మిఠాయి తెచ్చేది. ఇంటికి రమ్మనేది. ఏదో వంక చెప్పి తప్పించుకునేవాణ్ణి. చివరికి ఒకరోజు వెళ్ళాను. గోడ మీద నా మొహం. దానికి గంధపు దండ, కుంకుమ బొట్టు.

“ముత్తాతకి మొక్కి రా, పో” అని మనవరాలిని ముందుకు తోసింది. ఆ పిల్ల చేతులు జోడించింది. ఇక ఆగలేకపోయాను.

“అమ్మా, అది నేను.”

“ఏం తమాషాలప్పా నీవి!” అని నవ్వింది. తలపాగా దగ్గర్నుంచి డికాక్షన్ దాకా అంతా చెప్పాను. నవ్వు ఆగిపోయింది. నన్ను కళ్ళద్దాలు తీయమంది. ఫోటోను చూసింది, నన్ను చూసింది.

“అట్లయితే మా నాయనది?”

“లేదమ్మా.”

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఉన్నట్టుండి లేచి గోడ దగ్గరికి పోయి దండ లాగేసింది. కొంగుతో అద్దం మీది కుంకుమ గబగబా తుడిచింది.

“బతికుండే మనిషికి దండ వేసినాను కదప్పా, ఇన్ని దినాలు!” నా వైపు తిరిగింది. “నీకేమీ కాలేదు కదా? ఇంట్లో అందరూ బాగుండారా?”

బాగున్నామన్నాను.