రెండో వరుసకు దిగిన పేర్లు

పోయిన ఆదివారం పొద్దున్నే తార్నాకలోని మా ఇంటి ముందుగదిలో కూర్చుని, ఉద్యోగపు రోజుల నుంచి దాచుకుంటూ వచ్చిన ఈమెయిళ్ళన్నిటినీ, ఎప్పుడు ఎవరెవరికి రాశానో ఒక పట్టికగా చేసి పెట్టుకుందామని కంప్యూటరు ముందేసుకున్నాను. రిటైరైన వాడికి ఇంతకంటే పెద్ద పనులేముంటాయో మీకు తెలియనిది కాదు. ఇటువంటి పనికి ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్టలు, లైబ్రరీలంటారు వాటిని, ఇప్పుడు సిద్ధంగా దొరుకుతాయి కనుక అరగంటలో తేలిపోతుందనుకున్నది కాస్తా భోజనాల వేళ దాకా సాగింది. ఉత్తరం పైన ‘ఎవరికి’ అన్నచోట ఏముందో చెప్పమని నేనడిగితే, ఆ లైబ్రరీ నాకు చదువుకునే వరుస ఒకటి ఇచ్చి ఊరుకోకుండా, లోపల పేర్లు వేరుగా, చిరునామాలు వేరుగా అరలు కట్టి ఉన్న పెట్టెలాంటి ఆబ్జెక్టును చేతికిస్తుంది. ఆ పెట్టె తెరవడం నాకు చేతకాక, నాలుగు అక్షరాల కోసం ఇంత హంగామా ఎందుకని పైకే తిట్టుకుంటుంటే, వంటింట్లోంచి మా ఆవిడ, “పొద్దుగాల్నుంచి దాన్ని తిడుతనే ఉన్నరు, అది గూడ మీలెక్కనే మొండిదున్నట్టున్నది” అని నవ్వింది.

చివరికి విసుగు పట్టలేక, ఎన్నడూ లేనిది, ఆ లైబ్రరీ వివరణ తెరిచి మొదటి నుంచి చదివాను. ఉత్తరం తలభాగంలోని ప్రతి అంశమూ ఒక్క రకానిది కాదని, ‘విషయం’ వంటివి ఉత్త మాటలే అయినా చిరునామాలకూ తేదీకీ లోపల ఒక అమరిక ఉంటుందని, అందుకని ఒక్కొక్క రకానికీ దాని స్వభావం తెలిసిన ప్రోగ్రాం ముక్క, అంటే వేరే క్లాసు, ఉండాలని, ముందుగా మడతపడ్డ వరుసలను విప్పి కలిపిన తర్వాతే చదవాలని అందులో రాసి ఉంది. ఈ మాటలే, ఇంచుమించు ఇదే వరుసలో, మా విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సెంటర్లో ఒకామె నాకు చెప్పింది. అప్పుడు నేను వినలేదు.

క్యాంపస్‌కు ఈమెయిలు కొత్తగా వచ్చిన రోజులవి. ఆఫీసులో గుమస్తాలు ఉత్తరాన్ని మెయిలు ద్వారా పంపి, అది చేరిందో లేదో కనుక్కోవడానికి మళ్ళీ ఫోను చేసేవాళ్ళు, ఆ తర్వాత కాగితం మీద అచ్చు తీసి ఫైల్లో కుట్టేవాళ్ళు. పరిపాలనా భవనం నుంచి వెళ్ళే ఉత్తరాలన్నీ ఒకే దారిన పోయి అందరికీ చేరేటట్టు, వాటి నకళ్ళు భద్రంగా నిలిచేటట్టు ఒక లైబ్రరీ రాయమని మా డైరెక్టరు గారు నన్ను ఆదేశించి, సాయంగా ఒక తాత్కాలిక ఉద్యోగిని ఇచ్చారు. కర్నూలు వైపు నుంచి వచ్చిన అమ్మాయి, తల్లిని వెంటబెట్టుకుని వారాసిగూడలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది, పొద్దున తొమ్మిదింటికల్లా వచ్చి కూర్చునేది. నేను ఆమెకు పై అధికారిని. వయసులో పదేళ్ళు పెద్దవాణ్ణి, అంతకు మించి తెలిసినవాణ్ణని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేవాణ్ణి.

తలభాగాన్ని చదివే పని ఆమెకు అప్పగిస్తే పదిహేను రోజుల్లో పూర్తిచేసి తెచ్చింది. అన్నిటికీ మూలమైన క్లాసు ఒకటి, దానికింద చిరునామాలకొకటి, తేదీకొకటి, ఉత్తమాటలకొకటి, ఇట్లా ఆరో ఏడో క్లాసులు. నాకు ఒళ్ళు మండింది. తలభాగమంటే ఏముంది, ప్రతి వరుసలో ముందొక పేరు, తర్వాత రెండు చుక్కలు, ఆ తర్వాత విలువ, చుక్కల దగ్గర కోస్తే సరిపోదా అన్నాను. ఆమె తన తెర నా వైపు తిప్పి, “అట్ల కోస్తే ఒప్పదు సార్. పేర్లు ఎక్కువైతే వరుస మడతపడి కిందికి దిగుతాది. దిగిన వరుసకు ముందర ఖాళీ ఉంటాది గానీ చుక్కలుండవు. మీరు దాన్ని పారేస్తారు” అంది. ఎంత ఓర్పుగా చెప్పిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం, పక్క బల్లల దగ్గర వాళ్ళు వింటున్నారన్న ఒక్క ఆలోచనే నన్ను కుట్టింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమెందుకమ్మా అని నలుగురూ నవ్వేటట్టు ఎగతాళి చేసి, ఆమె ఫైళ్ళను కంప్యూటర్లో ఓ మూలనున్న డైరెక్టరీలోకి నెట్టి, ఒక్క మధ్యాహ్నంలో నా పద్ధతిలో నలభై వరుసలు రాసి పడేశాను. నాకూ, ఇద్దరు మిత్రులకూ ఉత్తరాలు పంపి చూసుకుంటే చక్కగా చేరాయి. ముగ్గురి పేర్లకు వరుస మడతపడదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఆ రోజు నుంచి ఆమె పని మాట తప్ప మరో మాట నాతో మాట్లాడేది కాదు, నేనూ పెద్దరికం పోగొట్టుకోలేక మాట్లాడలేదు.

ఇక్కడ మన ఆఫీసుల ఆచారం ఒకటి మీకు గుర్తుచేయాలి. కాగితం మీదైనా మెయిల్లోనైనా, పేర్లు రాసేటప్పుడు హోదా తప్పకూడదు. పైవాడి పేరు ముందు, ఆ తర్వాతివాడు తర్వాత, అట్లా దిగుతూ దిగుతూ చివరికి తాత్కాలికులు. వరుస నిండితే కిందికి దిగేది ఎప్పుడూ వాళ్ళ పేర్లే. నా ప్రోగ్రాం రోజూ పారేస్తున్నది సరిగ్గా ఆ పేర్లనే. కొన్ని నెలల పాటు ఎవ్వరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే అడగగలిగిన వాళ్ళందరికీ ఉత్తరాలు అందుతున్నాయి, అందని వాళ్ళు తమకు రాసి ఉండరనుకుని ఊరుకున్నారు, సాధారణమైన నోటీసులైతే ఎలాగూ బోర్డు మీద అంటించేవాళ్ళు.

ఆ ఏడు మా సెంటర్లో ఒక పోస్టు పర్మనెంటయింది. దానికి అర్హురాలు ఆమె ఒక్కతే. ఇంటర్వ్యూకి సంబంధించిన ఉత్తరం మెయిల్లో వచ్చింది, అటువంటివి బోర్డు మీద పెట్టరు. కమిటీలోని పెద్దలందరి పేర్లూ హోదా ప్రకారం ఉన్నాయి, వాళ్ళందరి తర్వాత, కమిటీలో అందరికంటే చిన్నవాణ్ణి కనుక, నా పేరు. దానితో మొదటి వరుస నిండింది. అభ్యర్థి పేరు దాని కిందికి దిగింది.

ఉత్తరం నాకు చేరాక ఇంటర్వ్యూ దాకా ఉన్న నాలుగు రోజులూ మేమిద్దరం ఒకే గదిలో, వీపులు ఆనించుకున్నంత దగ్గరలో పనిచేశాం. కమిటీలో ఉన్నవాడు అభ్యర్థితో ఆ ప్రస్తావన తేకూడదన్న నియమం నాకు మంచి సాకు అయింది. నిజానికి నేను మాట్లాడకపోవడానికి నియమం కారణం కాదు, ఆమే వచ్చి నన్ను అడుగుతుందిలే అని చూడటం కారణం. ఇంటర్వ్యూ రోజున పదకొండు గంటలకు పరిపాలనా భవనంలో కూర్చున్నాం. పావుగంట గడిచింది. అధ్యక్షులు గడియారం చూసుకుని, అమ్మాయికి ఆసక్తి లేనట్టుందే అన్నారు. మా సెంటరు అక్కడికి రెండు వందల అడుగులుంటుంది, వరండాలో అటెండరు ఊరికే నిలబడి ఉన్నాడు, కేకేసి పిలిపించడం నా నోటి మాటతో అయ్యే పని. నేను నోరు తెరవలేదు. అంత బెట్టు ఏమిటి, ఇంటర్వ్యూకి కూడా రాదా అని లోలోపల కోపం కూడా తెచ్చుకున్నాను. మరో పది నిమిషాలకు అధ్యక్షులు ఫైలు మూసేశారు.

తిరిగి వెళ్ళేసరికి ఆమె తన బల్ల దగ్గర ఏదో రాసుకుంటూ ఉంది. నా వెనకాలే వచ్చిన అటెండరు ఆమెను చూసి నోరు వెళ్ళబెట్టి, “ఏంది మేడం, మీరు గీడనే ఉన్నరా? గాడ అందరు మీకోసమే కూసున్నరు, ఇంటర్వ్యూ అయిపాయె” అన్నాడు. ఆమె లేచి నిలబడింది. ఎవరి ఇంటర్వ్యూ అని అతన్ని అడగలేదు, నా వైపు చూసి, “నాకు ఏ ఉత్తరమూ రాలేదు సార్” అంది. మెయిలు వచ్చింది కదా, చూసుకోవద్దా అన్నాను, అందరి ముందూ. ఆమె తన మెయిలు తెరిచి చూపించింది. లేదు.

అప్పుడు నేను నా బల్ల దగ్గరికి వెళ్ళి, ఆఫీసు వాళ్ళు టైపు చేసిన అసలు ఉత్తరాన్ని తెరిచాను. రెండో వరుసలో, ముందు కొంచెం ఖాళీ వదిలి, ఆమె పేరు. నాకు చేరిన నకలును అచ్చు తీసి పోల్చి చూస్తే, అందులో ఆ వరుసే లేదు. అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ నిమిషంలోనే లేచి డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి ఉంటే ఈ నాలుగు మాటలూ రాసే అవసరం నాకు వచ్చేది కాదు. మర్నాడు ఆయనే పిలిచి, ఆ అమ్మాయి మెయిలు రాలేదంటోంది, మన ప్రోగ్రాంలో లోపమేమైనా ఉందా అని అడిగారు. కమిటీలో అందరికీ వచ్చింది సార్ అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు, అందుకే అంత ధైర్యంగా చెప్పగలిగాను. ఆయన తల పంకించి ఊరుకున్నారు. పోస్టు మరుసటి ఏడుకు వాయిదా పడింది, ఆమె తాత్కాలిక గడువు ఆ నెలాఖరుతో ముగిసింది, పొడిగించమని రాయాల్సింది నేను, నేను రాయలేదు. ఆమె ఎదురుగా ఉంటే నాకు కంప్యూటరు తెర వైపు చూడటం కూడా కష్టంగా ఉండేది.

ఆ తర్వాత చేసింది ఇంకా హీనం. ఆమె వెళ్ళిపోయిన వారానికి, ఎవరూ లేనప్పుడు మూల డైరెక్టరీలోంచి ఆమె క్లాసులను బయటికి తీసి, నా నలభై వరుసలనూ చెరిపేసి వాటిని పెట్టాను. ఒక్క అక్షరం మార్చవలసిన అవసరం రాలేదు. ఫైళ్ళ పైన బాధ్యుడి పేరు ఉండాలన్నది మా సెంటరు పద్ధతి కనుక నా పేరు వేశాను, ఆమె పేరు తీసేశాను. ఆ లైబ్రరీ మా క్యాంపస్‌లో చాలా ఏళ్ళు నడిచింది. ఒక్క ఉత్తరం తప్పిపోలేదని అందరూ మెచ్చుకుంటుంటే వినయంగా తల వంచుకునేవాణ్ణి. అది వినయమనే అందరూ అనుకున్నారు.

కొన్నేళ్ళ తర్వాత ఒక సాయంత్రం తార్నాక బస్టాపులో ఆమె కనిపించింది. చేతిలో పిల్లల పరీక్ష పేపర్ల కట్ట ఉంది, మల్కాజ్‌గిరి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో చెబుతున్నానంది, అమ్మ కులాసాగా ఉందంది. నేను పలకరింపు కూడా పూర్తిచేయకుండా గబగబా మొదలుపెట్టాను, ఆనాటి మెయిలు సంగతి నీకొకటి చెప్పాలమ్మా అని. ఆమె నవ్వింది, వెటకారమేమీ లేదు ఆ నవ్వులో. “నాకు ఆ పొద్దే తెలుసు సార్. మీరు అచ్చు తీసుకున్న కాగితం ప్రింటరు కాడ చూసినా. మీ పేరు కాడికి ఆగిపోయుండాది.” తెలిసి కూడా ఎందుకు అడగలేదమ్మా అన్నాను, అదేదో ఆమె తప్పయినట్టు. “నేనడిగితే నేను కనుక్కున్నట్టవుతాది గానీ, మీరు చెప్పినట్టు కాదు గదా సార్. చెప్తారేమోనని నెలాఖరు దాకా చూసినా” అంది. నేను క్షమించమనేలోగా ఆమె బస్సు వచ్చింది. ఎక్కుతూ కిటికీలోంచి, “మళ్ళీ కలుద్దాం సార్” అంది మామూలుగా, ఎవరితోనైనా అనేటట్టే. మళ్ళీ కలవలేదు, నేను కలవడానికి ప్రయత్నించనూ లేదు.

ఆదివారం నాటి వివరణ చదివాక మనసు ఊరుకోక, మర్నాడే క్యాంపస్‌కు నడిచి వెళ్ళాను. ఆ పాత ఫైళ్ళు ఎక్కడున్నా సరే పైనున్న పేరు మార్పించి రావాలన్నదే నా ఆలోచన. సెంటర్లో ఇప్పుడున్న పిల్లలు మర్యాదగా కుర్చీ వేసి, టీ తెప్పించి, నేను చెప్పేది అర్థం కాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ లైబ్రరీ తీసేసి ఎన్నో ఏళ్ళయిందట, ఆ యంత్రాలు తుక్కు కింద పోయాయట, మెయిళ్ళన్నీ ఇప్పుడు ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీ చూసుకుంటుందట. వాళ్ళలో ఒకతను తన తెర మీద చూపించాడు, ఈ రోజుల్లో ఏ ప్రోగ్రాంలోనైనా ప్రతి వరుస పక్కనా అది ఎవరు రాశారో, ఎవరు ఎప్పుడు మార్చారో దానంతటదే నమోదై ఉంటుందట, ఎవరూ ఎవరి పేరూ తీసేయలేరట. మా రోజుల్లో అది లేకపోయింది. ఉండి ఉంటే నేను నిజాయితీపరుణ్ణయ్యేవాణ్ణి కాదు, ఊరికే దొరికిపోయేవాణ్ణి. ఆమె నెలాఖరు దాకా ఎదురుచూసింది నేను దొరకాలని కాదు. ఆమె పేరు ఇక్కడైనా రాద్దామని రెండుసార్లు కలం ఎత్తి దించాను. అడగకుండా తీసేసిన పేరును అడగకుండా పెట్టడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.