అత్త చేతి మాత్ర

మొన్న మా వీధి చివర మెడికల్ షాపులో బీపీ మాత్రల కోసం నిలబడ్డాను. నా ముందు ఒక తల్లి, ఆవిడ పక్కన కాలేజీ వయసు కూతురు. ఆ తల్లి గొంతు తగ్గించి, "ఆదివారం మా ఇంట్లో పూజ ఉన్నాది బాబూ, నెలసరి ఎనక్కెళ్ళే మాత్రలు ఇయ్యి" అంది. షాపాయన సొరుగు లాగి, దగ్గు బిళ్ళలు ఇచ్చినంత తేలిగ్గా ఓ అట్ట తీసి కత్తిరించి ఇచ్చేశాడు. ఎవరికని అడగలేదు, ఎవరు రాశారని అడగలేదు. నేనేమో నోరు మూసుకుని ఊరుకునే మనిషిని కాను. "డాక్టరుని అడిగారా అమ్మా?" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "దీనికి డాక్టరెందుకండీ" అంటూ కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చేదాకా మా అత్తే కళ్ళ ముందు మెదిలింది. ఆ షాపు దగ్గర నా బదులు ఆవిడ ఉండుంటే షాపాయన పని ఆ పూటకి అయిపోయేది.

మా అత్తవారిది పొందూరు అవతల ఓ చిన్న ఊరు. పల్లంలో వరి, మెట్ట మీద నువ్వులు. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. మా ఆయన సాలూరు లారీల మీద డ్రైవరు. రాయపూర్ వెళ్ళాడంటే ఎప్పుడు తిరిగొస్తాడో ఆ లారీకే తెలియాలి. ఇంట్లో అత్తా నేనూ, గోడ అవతల అత్త తోడికోడలు, మా చిన్నత్త. అత్త పొడుగ్గా, నల్లగా, బిర్రుగా ఉండేది. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. నోట్లో నిప్పు ఉండగానే వీధి ఆ చివరనున్న మనిషిని తిట్టగలిగేది. నాలుక ఎలా కాలేది కాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పెళ్ళైన కొత్తలో ఆవిడంటే నాకు హడలు.

ఆ ఊళ్ళో ముహూర్తాలు పెట్టేది పంతులుగారైతే, వాటిని నిలబెట్టేది మాత్రలే. పెళ్ళి వచ్చినా, వ్రతం వచ్చినా, గృహప్రవేశం వచ్చినా ఆడవాళ్ళు ముందుగా కబురు చేసేది మెడికల్ షాపుకే. అట్టలో మిగిలిన మాత్రలు పెరుగు తోడు ఇచ్చిపుచ్చుకున్నట్టు గోడల మీంచి చేతులు మారేవి. కొత్త కోడల్ని కదా, ప్రతి శుభకార్యంలోనూ నేను ముందుండాలి. చిన్నత్త కొడుకు పెళ్ళికి ఆవిడే నా చేతిలో మాత్రలు పెట్టింది. తర్వాత వాళ్ళ ఇంటి గృహప్రవేశానికి పెట్టింది. ఆ తర్వాత మరో వ్రతానికి. "ఏటీ అవదే, అందరం మింగినోలమే" అనేది. నాకు అసలే నెలసరి సరిగ్గా వచ్చేది కాదు. ఆ మాత్రలతో మొత్తం గాడి తప్పింది. వ్రతం అయ్యాక మొదలైన నెలసరి ఇక ఆగలేదు. వారాలు గడిచాయి. సిగ్గుతో, భయంతో ఎవరికీ చెప్పకుండా గుడ్డలు ఉతుక్కుంటూ కాలం వెళ్ళదీశాను. ఒకరోజు పొద్దున్న కళ్ళం దగ్గర తట్ట ఎత్తుకోబోయి కళ్ళు తిరిగి కింద పడ్డాను.

లేచేసరికి అత్త ఒళ్ళో ఉన్నాను. నా కనురెప్ప కిందకి లాగి చూసి, "ఓలమ్మో, సున్నంలా ఉన్నాదే! ఇన్నాళ్ళూ నోరెక్కడ పెట్టీసినావే గుంటా?" అని ఏడుస్తూ తిట్టింది. ఆవిడ ఏడవగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఊళ్ళో సూదులు వేసే డాక్టరు వచ్చి చూసి, ఇది సంచి జబ్బనీ, ఇవాళ కాకపోయినా రేపైనా గర్భసంచి తీయించాల్సిందేననీ తేల్చేశాడు. నాకు ఇంకా పిల్లలు లేరు. చిన్నత్త, "అదే నయం, మీకూ తీసీసారు కదా అప్పా, పండగలకీ పబ్బాలకీ అడ్డు నేకుండా ఉన్నారు" అంది. నిజమే, అత్తకి ముప్పై నిండకుండానే తీసేశారట. ఇలాగే ఆగకుండా పోతుంటే, నెలంతా ఇల్లు మైలవుతోందని వాళ్ళ అత్తగారు విసుక్కుని, పట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించేసింది. అప్పటినుంచి ఒంట్లో ఆవిర్లు, నడుం నొప్పి. ఆ సంగతంతా ముసలి ఎద్దుని అమ్మేసిన విషయం చెప్పినట్టు చెప్పేది. ఆ రోజు మాత్రం చుట్ట పక్కన పడేసి లేచింది. "నాది తీసింది సాలు. దీన్నెవులైనా ముట్టుకుంటే సూడండి!" అంది. ఆ పూటే నన్ను శ్రీకాకుళం బస్సెక్కించింది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. రక్తం ఎక్కించమంది, స్కానింగ్ తీయించింది, థైరాయిడ్ పరీక్ష చేయించింది. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పింది. లోపల ఒక హార్మోను పొరని పెంచుతుందట. అండం విడుదలయ్యాక రెండోది వచ్చి ఆ పొరని నిలబెడుతుంది. అది తగ్గగానే నెలసరి వస్తుంది. నాకు అండమే సరిగ్గా విడుదల కావడం లేదు, అందుకని రెండోది వంతుకి రావడం లేదు. దాని మీద వాయిదా మాత్రలు మాటిమాటికీ మింగాను. అత్త, "అంటే సెరువు మదుం తలుపు ఎత్తినోలే గాని దించినోలు నేరన్నమాట" అంది. డాక్టరమ్మ నవ్వి, సరిగ్గా అదేనంది. తలనొప్పులు వస్తాయా, కాళ్ళలో రక్తం ఎప్పుడైనా గడ్డకట్టిందా అని అడుగుతూ, "పొగ తాగుతారా?" అంది నన్ను. అత్త గబుక్కున లేచి, "అది కాదమ్మా, తాగేది నాను" అని ఒప్పేసుకుంది.

రాసిచ్చినవి పిల్లలు పుట్టకుండా వాడే మాత్రలే. నెలసరిని దారిలో పెట్టడానికి కొన్ని నెలలు వాడాలనీ, ఆపేశాక గర్భం వస్తుందనీ, భయపడొద్దనీ చెప్పింది. నేను భయపడ్డాను. పిల్లలు కావాలనుకునే దానికి పిల్లలు పుట్టని మాత్రలేమిటి? బస్సులో అదే అడిగితే అత్త, "ఆయమ్మ సదువుకున్నాది. మనం గోడ మీద మాత్రలు నమ్మినాం, ఆయమ్మని నమ్మలేమేటి?" అంది.

రోజూ రాత్రి అన్నం తిన్నాక ఆవిడే నీళ్ళు తెచ్చి, మాత్ర నా అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. అంతా బాగానే నడుస్తుండగా చిన్నత్త ఆ అట్ట చూసింది. అవి పిల్లలు పుట్టకుండా నర్సమ్మ ఇంటింటికీ పంచే మాత్రలని ఆవిడకి బాగా తెలుసు. వాకిట్లో నిలబడి, "సూడండే! కాపురానికొచ్చి పిల్లల్నేకుండా సేసుకుంతంది" అని వీధంతా వినబడేలా గోల పెట్టింది. మా ఆయన కూడా అప్పుడే లారీ దిగి వచ్చి, ఏమిటిదన్నట్టు నా వంక చూశాడు. అత్త బయటికొచ్చింది. "ఆ మాత్రలు నాను పెడతన్నాను. అడగాలంటే నన్నడుగు. ఒరే, నీ పెళ్ళాం బతకాలా వద్దా, అది ముందు సెప్పు!" అంది. మా ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు. ఆ రాత్రి మాత్ర ఆయనే తెచ్చిచ్చాడు. అత్త ఊరుకుందా? "నీళ్ళేవిరా?" అని మళ్ళీ పంపింది.

ఆ ఏడే ఊళ్ళో అమ్మవారి పండగ వచ్చింది. పసుపు రాసి, దీపం పెట్టిన ఘటాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటి కోడలు ఊరంతా నడవాలి. కోడలికి కుదరకపోతే అత్త ఎత్తొచ్చు, మొగుడు పోయినదైనా అమ్మవారికి పట్టింపు లేదు. సరిగ్గా ఆ రోజులకే నా నెలసరి వచ్చేలా ఉంది. చిన్నత్త మళ్ళీ ఓ అట్ట పట్టుకొచ్చింది. అత్త దాన్ని లాక్కుని పెంటకుప్పలో పడేసి, "ఘటం నానెత్తుకుంతాను. నాకు అడ్డేటి ఉన్నాది? సంచి తీసినందుకు ఇదొక్కటే లాభం" అని పెద్దగా నవ్వింది. అంత నడుం నొప్పితో ఘటం ఎత్తుకుని ఆవిడ వీధిలో నడుస్తుంటే, అరుగు మీద కూర్చున్న నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఆఖరుసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, రక్తం బాగా పట్టింది, మాత్రలు ఆపేయొచ్చంది. నేను సంతోషంతో లేవబోతుంటే అత్త కదల్లేదు. "అమ్మా, ఈ మాత్రలు నాను వయసులో ఉన్నప్పుడు కూడా ఉండేవేటి?" అని అడిగింది. ఉండేవమ్మా, ఎందుకూ అంది డాక్టరమ్మ. "ఏటీ నేదు. ఊరికే అడిగినాను."

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊరొచ్చేదాకా వదల్లేదు. మర్నాటి నుంచి మామూలే. అదే చుట్ట, అవే తిట్లు. మరుసటేడు మా అమ్మాయి పుట్టింది. తొలి స్నానం ఆవిడే పోసింది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది గానీ, ఈ కడుపు ఆవిడ నిలబెట్టిందేనని ఇవాళ్టికీ దండం పెట్టుకుంటాను. కాలం మారిందనీ, మందులొచ్చాయనీ అందరూ అంటారు. మందులు మా అత్త కాలంలోనూ ఉన్నాయి. చెయ్యి పట్టుకుని బస్సెక్కించే అత్తే ఆవిడకి లేకపోయింది.