ఆయన చేసిన వెనక సీటు

మా ఆయన కేసముద్రం మార్కెట్ యార్డులో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా. పెళ్ళయ్యాక వరంగల్‌లో, మట్టెవాడ వైపు ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌లో కాపురం పెట్టాం. డెబ్బయ్యో దశకం చివరి సంవత్సరాలవి. ఆయన పొద్దున్నే మోటార్ సైకిల్ మీద వెళ్ళిపోతే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. రోజంతా యార్డులో రైతులతో, హమాలీలతో అరిచి అరిచి వచ్చేవాడేమో, ఇంటికి చేరేసరికి ఆయన దగ్గర మాటలు మిగిలేవి కావు. అన్నం తినేవాడు, రేడియోలో వార్తలు వినేవాడు, పడుకునేవాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాతో మాట్లాడనూ లేదు.

నేను రఘునాథపల్లిలో, ఎప్పుడూ ఎవరో ఒకరు పిలుస్తూ ఉండే ఇంట్లో పెరిగాను. మా పొలం పనులకు వచ్చేవాళ్ళతో కలిపి పొయ్యి మీద పెద్ద గంజులోనే అన్నం ఉడికేది. ఇక్కడ ఇద్దరికి వండాక మధ్యాహ్నం అంతా ఖాళీ. గదిలో అటూ ఇటూ నడిస్తే నా మెట్టెల చప్పుడు నాకే వినిపించేది. కొన్నిసార్లు ఆ చప్పుడు కోసమే నడిచేదాన్ని.

మొదటిసారి ఆయన బండి మీద మా అమ్మవాళ్ళింటికి వెళ్తున్నప్పుడు, ఘన్‌పూర్ దాటాక నా కొంగు వెనక చక్రంలో చుట్టుకుంది. ఆయన వెంటనే ఆపాడు కాబట్టి పడలేదు కానీ కొంగు చిరిగిపోయింది. చిరిగిన ముక్కను చక్రంలోంచి లాగి, కాసేపు చేతిలో పట్టుకుని చూసి, జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఇనుప చువ్వలు తెచ్చి, వెల్డింగ్ షాపులో జాలీలాగా అతికించుకుని వచ్చి, చక్రం పక్కన బోల్టులతో బిగించాడు. బిగించాక నన్ను పిలిచాడు.

"జర ఎక్కి కూసో. కాలు యాడిదాంక వస్తాందో సూడాలె."

నేను కాళ్ళు ఒకవైపు వేసుకుని కూర్చున్నాను. ఆయన నేల మీద కూర్చుని, సీటు నుంచి నా పాదం దాకా పురికొసతో కొలిచాడు. "వేలాడేసి కూసుంటె తిమ్మిరెక్కుతాందా?" అని అడిగాడు. ఎక్కుతుందన్నాను. సాయంత్రానికి చెక్కపెట్టె పలక కోసి, దాని మీద పాత టైరు రబ్బరు కొట్టి, పాదాలు ఆనించుకునేందుకు బిగించేశాడు. పెళ్ళయ్యాక ఆయన నాతో అంతసేపు మాట్లాడింది ఆ రోజే.

ఆ తర్వాత పిడి చేశాడు. సీటు వెనక నుంచి వంచి తెచ్చిన ఇనుప గొట్టం. "ఇది పట్టుకో. ఇగ పడుతవన్న ఫికర్ లేదు," అన్నాడు. ముఖంలో సంతోషం దాచుకోలేకపోయాడు.

అప్పటిదాకా నేను ఆయన భుజం పట్టుకుని కూర్చునేదాన్ని. ఇంట్లో పగటిపూట ఒకరినొకరం తాకే అలవాటు లేదు. దారిలో మాత్రం ఊరు దాటినప్పటి నుంచి ఊరు వచ్చేదాకా నా చెయ్యి ఆయన మీదే ఉండేది. బ్రేకు వేసేముందు భుజం బిగుసుకోవడం నా అరచేతికి ముందే తెలిసేది. పిడి వచ్చాక ఇనుము పట్టుకుని కూర్చున్నాను. ఇంత కష్టపడి చేసినవాడితో వద్దని ఎలా అంటాం?

మా గల్లీలో ఆడవాళ్ళు వచ్చి బండిని చూసిపోయేవాళ్ళు. పక్కింట్లో ఉండే అక్క, చర్చి ఆవరణలోని దవాఖానలో ఆయాగా చేసేది. "నీ మొగుడు నిన్ను పువ్వోలె సూసుకుంటాండు చెల్లే," అంది. అవునన్నాను.

నేను నీళ్ళోసుకున్నాక, అమ్మవాళ్ళింటికి ఒకసారి బండి మీదే వెళ్ళొచ్చాం. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం కడుపులో నొప్పి మొదలైంది. ఇంట్లో నేనొక్కదాన్నే. గోడ పట్టుకుని పక్కింటి దాకా వెళ్ళాను. అక్క రిక్షాలో కూర్చోబెట్టి తన దవాఖానకే తీసుకుపోయింది. కేసముద్రంలో కబురందుకుని ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. ఊరి నుంచి మా అమ్మ కూడా వచ్చింది. వరండాలో ఆయన నిలబడి ఉండగానే, "బండి మీద తిప్పి తిప్పి గిట్ల చేసిండు," అంది.

నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను.

దవాఖాన నుంచి పంపించిన రోజు బయట బండి నిలబెట్టి ఉంది. వెనక సీటు గుర్తుపట్టలేకపోయాను. స్పాంజి, దాని కింద కొబ్బరి పీచు, పైన నల్ల రెక్సిన్, నడుము ఆనించడానికి అరచేతి మందాన దిండు. నేను మంచం మీద ఉన్నన్ని రోజులూ ఆయన అదే పని మీద ఉన్నాడట, అక్క చెప్పింది. ఎక్కి కూర్చున్నాను. గుంతలు తప్పించుకుంటూ సైకిళ్ళ కంటే మెల్లగా నడిపాడు. ఒక్క కుదుపు తగలలేదు. దారి పొడుగునా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన ముందుకు చూసి నడుపుతున్నాడు. నా చెయ్యి పిడి మీద ఉంది, వీపు దిండుకు ఆని ఉంది. ఆయనకు తెలిసే దారి లేదు.

చాలా నెలలు నేను ఎక్కడికీ వెళ్ళలేదు. వానలు వెళ్ళిపోయాక అమ్మ రమ్మంటే బయల్దేరాం. బండి తీసేముందు ఆయన సీటు తుడుస్తూ అడిగాడు.

"ఇంకేమన్న తక్లీఫ్ ఉన్నదా?"

"ఈ పిడి తీసెయ్యరాదుండ్రి," అన్నాను.

"ఎందుకు? ఎండకు కాల్తాందా?"

నేను సమాధానం వెతుక్కునేలోపే ఆయన లోపలికి వెళ్ళి పాత సైకిల్ ట్యూబు తెచ్చి, పిడికి చుట్టడం మొదలుపెట్టాడు. చివర తీగతో గట్టిగా కట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

కాజీపేట దాటాక పిడి వదిలేసి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. బండి వెంటనే నెమ్మదించింది.

"ఏమైంది? ఊడిందా?"

"ఊడలే. నడుపుండ్రి."

కొంత దూరం పోయాక రైల్వే గేటు పడి ఉంది. ఆయన ఇంజను ఆపాడు. గూడ్సు బండి రావాల్సి ఉంది. మా వెనక ఒక ఎడ్లబండి తప్ప ఎవరూ లేరు. ఆయన వెనక్కి తిరగలేదు. గేటు వైపే చూస్తూ, "ఆడపిల్ల," అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు.

"దవాఖానల సూపిచ్చిండ్రు. నేనే తీస్కపోయి మట్టిల పెట్టొచ్చిన. నీకు చెప్పుడు మంచిది కాదన్నరు."

ఆ మాట తర్వాత ఆయన భుజం కదలడం నా చేతికి తెలిసింది. ఏడుస్తున్నాడని అలాగే తెలిసింది, చప్పుడు లేదు. కాసేపటికి, "కుదుపులకే గట్లయింది. మీ అమ్మ అన్నది నిజమే," అన్నాడు.

"కాదు. డాక్టరమ్మ నాతోని చెప్పింది. బండికి దీనికి సంబంధం లేదన్నది."

"నాకెవరు చెప్పలే."

ఆయనకు చెప్పాల్సిన విషయమని నాకు తట్టనే లేదు. అన్ని నెలలూ నేను ఒక గదిలో ఒంటరిగా కూర్చుని ఏడిస్తే, ఆయన ప్రతిరోజూ కేసముద్రం దాకా పోయి వస్తూ అమ్మ అన్న ఆ మాటనే మోశాడు. గూడ్సు రైలు చాలా పొడుగ్గా ఉంది. అది పోతున్నంతసేపూ నా చెయ్యి ఆయన భుజం మీదే ఉంది. మాట్లాడినా వినిపించేది కాదు. గేటు లేచాక ఆయన ముఖం తుడుచుకుని కిక్కు కొట్టాడు.

అమ్మవాళ్ళింట్లో ఆ పూట ఆయన ఎప్పటిలాగే తలొంచుకుని తిని, బయట మంచం వాల్చుకుని పడుకున్నాడు. అల్లుడు మాట్లాడడేమని అమ్మ మళ్ళీ అంది. పోనీలెమ్మన్నాను.

ఆ తర్వాత ఆయన మాటకారి అయ్యాడని చెప్పలేను. ఎనభైల్లో కొడుకు పుట్టాడు. వాడు కడుపులో ఉన్నన్నాళ్ళూ నన్ను బండి ఎక్కనివ్వలేదు, దవాఖానకు అక్కతో నడిచి వెళ్ళేదాన్ని. వాడికి నడక వచ్చే సమయానికి ఆయనకు డోర్నకల్‌లో పని దొరికింది. రైల్లో వెళ్ళి శనివారం వచ్చేవాడు. పిల్లవాడు నిద్రపోయాక ఇల్లంతా మళ్ళీ నిశ్శబ్దమయ్యేది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఆయన వచ్చాక చెప్పాల్సినవి ఒక్కొక్కటే గుర్తుపెట్టుకునేదాన్ని. శనివారం వచ్చేసరికి సగం మరిచిపోయేదాన్ని. మిగిలిన సగం చెప్పేదాన్ని. ఆయన వినేవాడు.