మూడో భాగం ముందు చదివిన సుబ్బన్న

సుబ్బన్నా, పొద్దున నువ్వన్నట్టు నేనిచ్చింది దెయ్యాల పుస్తకం కాదు. చచ్చినవాడే దెయ్యమై వచ్చి తన హత్య కేసు అప్పజెబితే, ఒక డిటెక్టివ్ చేసే విచారణ. ఈమధ్యే వచ్చిన నవల.

మిత్రులారా, మిష్రిఫ్‌లో 'మామా' అని పిలిచే అరబ్బు యజమానురాలి ఇంట్లో పనిచేసే రెడ్డెమ్మ చేతిసంచిలో పట్టాలని ఆ లావు నవలను నేనే మూడు భాగాలుగా విడదీసి కుట్టాను. సెలవు దొరికిన శుక్రవారం ఆమె ఫహాహీల్‌లోని మా ఇంటికొచ్చి ఒక భాగం ఇచ్చి, తరువాతిది తీసుకెళ్తుంది. మూడో భాగం ఇంకా మా ఇంట్లోనే ఉంది కదా అని మంగఫ్‌లో ఉండే సుబ్బన్న కంపెనీ బస్సులో ముందు అదే చదివేశాడు. చదివినవాడు ఊరుకున్నాడా? ఈ రోజు మా హాల్లో టీ తాగుతూ, ఎవరూ అడక్కుండానే నోరు తెరిచాడు.

"ఎంతసేపు ఆలోచిస్తావక్కా? చంపింది ఆ డాక్టరే. ఖలాస్!"

రెడ్డెమ్మ ముఖం మాడిపోయింది. "వారమంతా మామా ఇంట్లో గిన్నెలు తోముతా, ఎవురు చంపినారో అనుకుంటా ఉంటి. ఇంగ నాకెందుకవ్వా ఆ పుస్తకం?" అంటూ మూడో భాగం ముట్టకుండానే వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. వారమంతా ఆమెకున్న ఒకే ఒక్క కుతూహలాన్ని ఈయన బిస్కెట్‌తో పాటు నమిలేశాడు.

ఈమధ్య వచ్చిన సైన్స్ ఫిక్షన్, క్రైమ్, దెయ్యాల డిటెక్టివ్ నవలల్లో మంచివేవో కింద చెప్పండి. నవల పేరు చాలు. హంతకుడి పేరు రాస్తే, బంధువులైనా సరే, బ్లాక్ చేస్తాను.

సుబ్బన్నా, రేపు డ్యూటీ దిగాక మా ఇంటికి రా. అంగారక గ్రహం మీద దొంగతనం జరిగే కొత్త నవల మొదటి భాగం కవర్లో పెట్టి ఉంచుతాను. దారిలో తెరవకు. మిష్రిఫ్‌లో గేటు దగ్గర రెడ్డెమ్మకిచ్చి, క్షమించమని అడిగి, ఇంకో మాట మాట్లాడకుండా బస్సెక్కు.