పుష్కరాల ఏట కలరా పాక

పుష్కరాలకు రాజమహేంద్రవరం వచ్చిన జనంలో కలరా పుట్టింది. అయినా స్నానాలు ఆగలేదు, పిండాలు పెట్టడం ఆగలేదు. జబ్బుపడ్డవాళ్ళను మాత్రం సొంతవాళ్ళే గట్టు మీద వదిలేసి, బండ్లు కట్టుకుని పోయేవారు.

చిన్నతనంలోనే భర్త పోతే, నేను ప్లీడరైన మా అన్నయ్య ఇంట్లో వండిపెడుతూ బతికేదాన్ని. ఒకనాడు రేవుకు వెళ్ళేసరికి ఎవరో ముసలమ్మ ఇసుకలో పడి ‘‘దాహం, దాహం’’ అంటోంది. జనం చీరలు ఎత్తి పట్టుకుని, ఆమెను తప్పించుకుని మునకలకు పోతున్నారు. పుణ్యానికి అంత తొందర! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె పక్కన కూర్చుంటుండగా మరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె మిషను ఆసుపత్రిలో పనిచేసే క్రైస్తవురాలు, మాలపల్లెలో పుట్టిన మనిషి. ఇంకొకామె మా వీధుల్లో చేపలమ్మే బెస్తావిడ.

‘‘కాళ్ళట్టుకోండి అమ్మగోరూ, నీడకి చేరుద్దాం’’ అంది చేపలావిడ.

పట్టుకున్నాను. వలలు దాచుకునే తన పాకను ఆమె అప్పటికప్పుడు ఖాళీ చేసింది. ఆసుపత్రి ఆవిడ మందులు తెచ్చింది. నేను ఇంటింటికీ తిరిగి బియ్యం అడిగి తెచ్చి గంజి కాచాను. అలా మొదలైంది. మమ్మల్ని ఎవరూ పిలవలేదు, ఎవరూ నియమించలేదు. ఒకరి తర్వాత ఒకరిని మోసుకొచ్చి పాకలో పడుకోబెట్టాం. కొందరు బతికారు, ఎక్కువమంది పోయారు. పోయినవాళ్ళను చేపలావిడ భర్తే శ్మశానానికి మోశాడు.

ముసలమ్మ మాత్రం బతికింది. లేచి కూర్చోగానే అడిగిన మొదటి మాట, ‘‘ఇన్నాళ్ళూ నాకు గంజి పోసిందెవరమ్మా? ఏ కులం?’’

పోసింది తనేనని, తనది మాలపల్లె అని ఆసుపత్రి ఆవిడ దాచకుండా చెప్పింది. ముసలమ్మ గొంతులో వేలు పెట్టుకుని కక్కడం మొదలుపెట్టింది.

నేను ఆమె చెయ్యి పట్టి లాగాను. ‘‘ప్రాణం పోసిన చేతులకి మైలేంటమ్మా? నిన్ను ఇసుకలో పారేసి పోయారే, మీవాళ్ళు, వాళ్ళది మంచి కులమా?’’ అని అరిచాను.

‘‘పోన్లెండి అమ్మగోరూ. కక్కితే గంజే పోద్ది, పేణం పోదుగా’’ అని చేపలావిడ నవ్వింది. ఆసుపత్రి ఆవిడ నవ్వలేదు. చెంబు కడిగి, మళ్ళీ గంజి పోసి, ముసలమ్మ ముందు పెట్టి వెళ్ళిపోయింది.

జబ్బు తగ్గాక ఊరి పెద్దలు సభ చేశారు. రోగులకు సేవ చేయించిన దయామయుడని మా అన్నయ్య మెడలో దండ వేశారు. ఆయన ఒక్కరోజు కూడా పాక ఛాయలకు రాలేదు. నన్ను ఆడవాళ్ళ తెర వెనక కూర్చోబెట్టారు. ఆసుపత్రి ఆవిడనీ, చేపలావిడనీ గుమ్మం దాటనివ్వలేదు. నేను తెర తోసుకుని ముందుకు వచ్చాను.

‘‘ఆ దండ ఎవరికి వెయ్యాలో వాళ్ళు బయట ఎండలో నిలబడి ఉన్నారండీ. లోపలికి పిలుస్తారా, నన్ను కూడా బయటికి పొమ్మంటారా?’’ అన్నాను.

పెద్దలు వాళ్ళను లోపలికి పిలవలేదు. నేనే బయటికి నడిచాను.

ఇంటికి రాగానే అన్నయ్య మండిపడ్డాడు. ‘‘నా పరువు తీశావు. పంచగవ్యం పుచ్చుకుని ప్రాయశ్చిత్తం చేసుకో. అప్పటిదాకా వంటింట్లో అడుగు పెట్టకు.’’

‘‘దేనికన్నయ్యా ప్రాయశ్చిత్తం? వాళ్ళని తాకినందుకా? మళ్ళీ తాకుతాను’’ అన్నాను.

నా పక్కబట్టలు, చెంబు వీధి అరుగు మీదికి వచ్చాయి. నేను ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. రేవు దగ్గర చిన్న గది అద్దెకు తీసుకుని, ఆడపిల్లలకు అక్షరాలు చెబుతూ బతికాను.

మరుసటి వేసవిలో బెస్తల వీధిలో కలరా వచ్చింది. మేం ముగ్గురం మళ్ళీ పాక తెరిచాం. ఈసారి బ్రాహ్మణ వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ముసుగులు వేసుకుని సాయానికి వచ్చారు. వచ్చీరాగానే, ‘‘మాకు విడిగా పొయ్యి ఉంటుందాండీ?’’ అని అడిగారు.

‘‘ఇక్కడ ఒకటే పొయ్యి. ఉంటే ఉండండి, లేదంటే దారి అదిగో’’ అన్నాను.

ఒకామె వెళ్ళిపోయింది. రెండో ఆమె కొంగు బిగించి, చేపలావిడ చేతిలోంచి గంజికుండ అందుకుంది.